యాడ్స్ చివర, లెక్క ముందు: గుంటూరు, విజయవాడ వ్యాపారాలకి డిజిటల్ మార్కెటింగ్ మార్గదర్శి

బీసెంట్ రోడ్డులో బట్టల షాపు కావచ్చు, బ్రాడీపేటలో పచ్చళ్ళ షాపు కావచ్చు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు కావచ్చు. డిజిటల్ మార్కెటింగ్ మొదలుపెడదాం అనుకోగానే చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి, ఒక పోస్టు పెట్టి, డబ్బు కడితే దాన్ని ఎక్కువమందికి చూపిస్తామంటూ కింద కనబడే బూస్ట్ బటన్ నొక్కేస్తారు. లైకులు వస్తాయి. నలుగురు "ఎంతండీ?" అని మెసేజ్ పెడతారు. షాపు రద్దీలో వాటికి సాయంత్రం దాకా జవాబు వెళ్ళదు. నెలాఖరుకి చూసుకుంటే డబ్బు ఖర్చయింది, గల్లాపెట్టెలో తేడా లేదు. "ఆన్‌లైన్ మనకి అచ్చిరాదు" అనే మాట అక్కడే పుడుతుంది.

అచ్చిరాకపోవడం కాదు, వరుస తప్పింది. ఒక ఆర్డరు మీద మనకి ఎంత మిగులుతుందో తెలియాలి. కొనేవాళ్ళు ఎవరో తెలియాలి. వాళ్ళు వెతికినప్పుడు మనం కనబడాలి, అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పాలి, ఒకసారి కొన్నవాళ్ళని మళ్ళీ రప్పించాలి. ఇవన్నీ కుదిరాక యాడ్స్. ఇక్కడ చెప్పేది కూడా ఆ వరుసలోనే ఉంటుంది. ఉదాహరణకి గుంటూరు బ్రాడీపేటలో పచ్చళ్ళు, కారప్పొడులు అమ్మే ఒక చిన్న షాపుని తీసుకుందాం. మీ వ్యాపారం వేరే అయినా లెక్క వేసే పద్ధతి మారదు.

అడుగు 1: ఒక్క ఆర్డరు మీద ఎంత మిగులుతుంది?

ఈ ప్రశ్నకి రూపాయల్లో జవాబు చెప్పలేకపోతే మిగతా అడుగులేవీ మొదలుపెట్టొద్దు. కాగితం మీద వేసి చూడాల్సిన పని ఇది.

మన షాపుకి ఆన్‌లైన్‌లో సగటు ఆర్డరు 900 రూపాయలు అనుకుందాం. సరుకు, కూలి, సీసాలు, ప్యాకింగ్ అన్నీ కలిపి 580 అయింది. కొరియర్ ఖర్చు కస్టమర్ విడిగా ఇస్తారు. మిగిలేది 320. ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి మనం పెట్టగలిగే ఖర్చుకి మొదటి గీత ఈ 320.

ఇప్పుడు నెలకి 6,000 పెట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో యాడ్ వేశారనుకోండి. యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి మీ జేబులోంచి పోయేది 7,080. దానికి 118 మంది వాట్సాప్‌లో పలకరించారు, 20 మంది కొన్నారు. ఒక్కో ఆర్డరుకి 354 ఖర్చు. మిగిలేది 320 కాబట్టి ప్రతి ఆర్డరు మీదా 34 రూపాయలు చేతి చమురు వదిలింది.

ఇక్కడ ఆగిపోతే యాడ్స్ దండగ అనిపిస్తుంది. ఇంకో రెండు లెక్కలు వేయండి. ఆ 20 మందిలో 8 మంది నాలుగు నెలల్లోపు యాడ్ అవసరం లేకుండా మళ్ళీ ఒక్కసారి కొన్నా, ఇంకో 2,560 చేరుతుంది. మొత్తం 8,960 లోంచి 7,080 తీసేస్తే 1,880 మిగిలింది. ఇక రెండో లెక్క: అదే 118 మందికి గంటల తరబడి ఆగకుండా అప్పటికప్పుడు సరైన జవాబు ఇచ్చి 20 బదులు 30 మంది కొనేలా చేయగలిగితే, మొదటి కొనుగోలులోనే 9,600 వస్తుంది. యాడ్ ఖర్చు పోను 2,520 లాభం. యాడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. బడ్జెట్ ఒక్క రూపాయి పెంచలేదు.

ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. మీ అంకెలు వేరుగా ఉంటాయి. కానీ డబ్బు ఎక్కడ కారిపోతోందో, ఎక్కడ మిగులుతుందో ఈ లెక్కలో కనబడుతుంది. చిన్న వ్యాపారాల్లో చాలావరకు కారిపోయేది జవాబు ఇవ్వడం దగ్గర, మిగిలేది రెండోసారి కొన్నప్పుడు. అందుకే యాడ్స్ గురించి ఈ వ్యాసంలో చాలా కింద చెబుతున్నాను.

అడుగు 2: కొనేవాళ్ళతో మాట్లాడండి

మార్కెటింగ్ పుస్తకాల్లో "టార్గెట్ ఆడియన్స్: 25–45 ఏళ్ళ మహిళలు" అని రాస్తారు. దానివల్ల ఒక్క సీసా కూడా అదనంగా అమ్ముడుపోదు. షాపుకి వచ్చినవాళ్ళని, ఫోన్‌లో ఆర్డరు ఇచ్చినవాళ్ళని మూడు సంగతులు అడగండి: మన గురించి మొదట ఎలా తెలిసింది? గూగుల్‌లో వెతికితే ఏమని టైప్ చేశారు, లేదా ఏమని మాట్లాడారు? కొనేముందు ఏ విషయంలో అనుమానపడ్డారు?

మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు బంగారం. "నూనె కారుతుందేమో అని", "వేరుశనగ నూనె అని చెప్పి ఇంకేదో వేస్తారేమో అని", "ఉప్పు ఎక్కువైతే వాపసు తీసుకుంటారో లేదో అని." మీ పోస్టుల్లో, వీడియోల్లో, వాట్సాప్ జవాబుల్లో ఏం చెప్పాలో ఈ మాటలే చెబుతాయి.

నాలుగు రోజులు అడిగితే కొనేవాళ్ళు గుంపులుగా విడిపోతారు. పచ్చళ్ళ షాపు విషయంలో ఊళ్ళోవాళ్ళు ఒక గుంపు. వాళ్ళకి కావాల్సింది మ్యాప్‌లో దారి, షాపు వేళలు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు ఇంకో గుంపు, వాళ్ళకి కొరియర్ సంగతి తేలాలి. పిల్లల్ని అమెరికా పంపే తల్లిదండ్రులు మూడో గుంపు. అక్కడ ఆగస్టులో కాలేజీలు తెరుస్తారు, అందుకని జులైలోనే ఇక్కడ సూట్‌కేసులు సర్దుతారు. విమానం సామానులో నూనె కారకుండా ప్యాక్ చేసి ఇస్తామనే ఒక్క మాట ఆ తల్లిదండ్రులకి ధర కన్నా ముఖ్యం. ముగ్గురికీ ఒకే పోస్టర్ వేస్తే ఎవరికీ తగలదు.

వ్యాపారులకి అమ్మేవాళ్ళ దారి వేరు. విజయవాడ బట్టల హోల్‌సేల్ మార్కెట్ వస్త్రలతలో షాపుకో, ఆటోనగర్ షెడ్డుకో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ అంతగా పనిచేయవు. అక్కడ గూగుల్, ఇండియామార్ట్ లాంటి సైట్లు, పాత పార్టీల వాట్సాప్ నంబర్లు పనిచేస్తాయి. ఇండియామార్ట్‌లో ఒకే ఎంక్వైరీ నలుగురైదుగురు అమ్మకందారులకి చేరుతుంది కాబట్టి ముందు ఫోన్ చేసినవాళ్ళదే బేరం.

అడుగు 3: గూగుల్ మ్యాప్‌లో మీ చోటు

డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇదివరకు గూగుల్ మై బిజినెస్ అనేవారు, 2021లో పేరు మార్చారు. "దగ్గర్లో పచ్చళ్ళ షాపు" అని వెతికితే మ్యాప్‌తో పాటు వచ్చే మూడు నాలుగు పేర్లలో మనది ఉండాలంటే, గూగుల్ చెప్పేది మూడు సంగతులు: వెతికినదానికి మన వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దగ్గర, జనంలో మనకి ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి.

పేరు దగ్గర మొదలుపెట్టండి. బోర్డు మీద ఏముందో అదే పేరు ఉండాలి. "బెస్ట్ పచ్చళ్ళు ఇన్ గుంటూరు ఆవకాయ గోంగూర" అంటూ పేరుకి తోకలు తగిలించడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. ఎవరైనా రిపోర్ట్ చేస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు, అది తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు. ప్రధాన కేటగిరీ మీ అసలు వ్యాపారానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. మిగతావి అదనపు కేటగిరీల్లో పెట్టొచ్చు.

అడ్రసు విషయంలో గుంటూరు వాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రసు 4/14 అని రాస్తాం. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనకి చెప్పక్కర్లేదు. విజయవాడ నుంచో, నరసరావుపేట నుంచో వచ్చిన మనిషికి అది ఇంటి నంబరులా కనబడుతుంది. ప్రొఫైల్‌లో "4వ లైను, 14వ అడ్డరోడ్డు" అని విడమరిచి రాయండి. ఆ తర్వాత మ్యాప్‌ని బాగా దగ్గరికి జూమ్ చేసి, పిన్‌ని సరిగ్గా మీ గుమ్మం ముందుకి లాగి పెట్టండి. ఈ లైన్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పిన్ ఒక లైను అటూ ఇటూ పడితే కస్టమర్ పక్క వీధిలో తిరిగి, చూసి చూసి వెళ్ళిపోతారు. తర్వాత మీ ఫోన్‌లో కాకుండా ఇంకొకరి ఫోన్‌లో మీ షాపు పేరు కొట్టి, దారి చూపించమని అడిగి, బండి మీద ఆ దారిలోనే వచ్చి చూడండి.

వేళలు నిజమైనవి పెట్టండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ దించితే ఆ మాట ప్రొఫైల్‌లో ఉండాలి. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో విజయవాడలో ట్రాఫిక్ మళ్ళిస్తారు. ఆ రోజుల్లో వేళలు మారితే ప్రత్యేక వేళలు అని విడిగా పెట్టే వీలుంది. ఫొటోలు ఫోన్‌తో తీసినవి చాలు: బయటి నుంచి బోర్డు కనబడేలా, లోపల కౌంటరు, సరుకు, పార్కింగ్ ఎక్కడో.

రివ్యూల సంగతి. కొని బాగుందన్నవాళ్ళని నోరు తెరిచి అడగాలి. గూగుల్ ఇచ్చే రివ్యూ లింకుకి క్యూఆర్ కోడ్ ఉంటుంది, అది ప్రింట్ తీసి కౌంటరు మీద పెట్టండి. "రివ్యూ రాస్తే పది శాతం డిస్కౌంట్" అనకండి, బదులుగా ఏదైనా ఇచ్చి రివ్యూ రాయించుకోవడం నిషిద్ధం. ఐదు స్టార్లు ఇస్తామన్నవాళ్ళకే లింకు పంపి, మిగతావాళ్ళని పక్కన పెట్టడం కూడా అంతే. డబ్బులిచ్చి కొన్న రివ్యూలు ఇట్టే తెలిసిపోతాయి, ఊరి పేరు కూడా లేకుండా అన్నీ ఒకేలా ఉంటాయి.

ఒక స్టార్ వచ్చినప్పుడు టెన్షన్ పడి గొడవకి దిగొద్దు. "మీకు వచ్చిన సీసాలో ఉప్పు ఎక్కువైందన్నారు, క్షమించండి. ఆర్డరు నంబరు మాకు పంపితే వేరేది పంపిస్తాం" అని రాయండి. ఆ జవాబు ఫిర్యాదు చేసిన మనిషి ఒక్కరే చదవరు. రేపు కొనబోయే పదిమంది చదువుతారు.

ఇంట్లోనే తయారుచేసి డెలివరీ ఇచ్చే ఆడవాళ్ళు అడ్రసు బయటపెట్టకుండా, సర్వీస్ చేసే ప్రాంతాలు మాత్రం చూపించి ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. కస్టమర్‌ని ఎక్కడా నేరుగా కలవకుండా కొరియర్‌లో మాత్రమే అమ్మే వ్యాపారానికి గూగుల్ నిబంధనల ప్రకారం ఈ ప్రొఫైల్ రాదు.

అడుగు 4: వాట్సాప్ మీ అసలు కౌంటరు

మన దగ్గర కొనే ముందు అడిగి కొంటారు. వెబ్‌సైట్‌లో బటన్ నొక్కి నేరుగా డబ్బు కట్టేవాళ్ళు ఉన్నా, "ఒకసారి మాట్లాడి" కట్టేవాళ్ళే ఎక్కువ. అందుకని వాట్సాప్ బిజినెస్ యాప్‌ని షాపుకి విడిగా తీసుకున్న నంబరు మీద పెట్టండి. కేటలాగ్‌లో ప్రతి వస్తువుకీ ఫొటో, బరువు, ధర ఉండాలి. ధర దాచిపెట్టి "డీటెయిల్స్‌కి కాల్ చేయండి" అనడం నాకు అర్థం కాని పద్ధతి. అడగడానికి మొహమాటపడేవాళ్ళు అక్కడే వెళ్ళిపోతారు.

జవాబు ఎలా ఉండాలో ఒకటి చూద్దాం. బెంగళూరు నుంచి ఒకావిడ రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ పెట్టారు:

"ఆవకాయ ఎంతండీ? బెంగళూరు పంపుతారా?"

చాలా షాపుల నుంచి వెళ్ళే జవాబు: "పంపుతాం మేడమ్." అంతే. ఆవిడ మళ్ళీ ధర అడగాలి, మళ్ళీ కొరియర్ అడగాలి. ఈలోగా ఇంకో షాపు వాళ్ళు జవాబు ఇచ్చేస్తారు. అదే ఇలా ఉంటే:

"నమస్తే అండీ. ఆవకాయ అరకిలో 270, కిలో 520. బెంగళూరుకి కొరియర్ 110, మూడు నాలుగు రోజుల్లో అందుతుంది. మూత సీల్ చేసి, పైన రెండు కవర్లు వేసి పంపుతాం, నూనె కారదు. కారినా, సీసా పగిలినా ఫొటో పెట్టండి, వేరేది పంపిస్తాం. మీకు వెల్లుల్లి వేసినది కావాలా, వేయనిదా అండీ?"

అడిగిన రెండిటికీ జవాబు ఉంది. రెండో అడుగులో తెలుసుకున్న అనుమానం, నూనె కారడం, అడక్కముందే తీరింది. చివర ఉన్న ప్రశ్నకి ఆవిడ సులువుగా ఒక్క మాటలో జవాబు చెప్పగలరు. ఆ మాట చెప్పారంటే ఆర్డరు సగం అయినట్టే. వెల్లుల్లి తినని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్న మర్యాదగానూ ఉంటుంది.

ఈ జవాబుని ప్రతిసారీ టైప్ చేయక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో ముందే రాసి పెట్టుకునే క్విక్ రిప్లైలో దాచిపెట్టుకుని, ఊరు పేరు, కొరియర్ ధర మార్చి పంపొచ్చు. హైదరాబాద్‌కి ఒకటి, బెంగళూరుకి ఒకటి, ఊళ్ళోవాళ్ళకి ఒకటి తయారుచేసుకోండి. షాపు కట్టేశాక వచ్చే మెసేజ్‌లకి "పొద్దున్న తొమ్మిదికల్లా జవాబిస్తాం అండీ" అని తనంతట తానే వెళ్ళే మెసేజ్ పెట్టండి, తొమ్మిదికల్లా నిజంగానే ఇవ్వండి. లేబుళ్ళతో కొత్త ఎంక్వైరీ, డబ్బు రావాల్సింది, పార్సిల్ వెళ్ళింది, మళ్ళీ అడగాలి అని గుర్తులు పెట్టుకోండి. "మళ్ళీ అడగాలి" లేబుల్‌ని చాలామంది పట్టించుకోరు. ధర అడిగి మౌనంగా ఉండిపోయినవాళ్ళకి రెండో రోజు ఒకే ఒక్కసారి "ఇంకేమైనా వివరాలు కావాలా అండీ?" అని అడగడం తప్పు కాదు. ఆ తర్వాత మళ్ళీ అడిగితే విసుగు.

రెండోసారి కొనిపించడానికి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ ఉంది, ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే వీలు. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకని పార్సిల్‌లో చిన్న కాగితం పెట్టండి: "కొత్త కారం వచ్చినప్పుడు చెప్పమంటే ఈ నంబరు సేవ్ చేసుకుని, కారం అని మెసేజ్ పెట్టండి." తమంతట తాము అడిగినవాళ్ళకి నెలకి ఒకటో రెండో మెసేజ్‌లు చాలు. ఎవరో అమ్మిన పదివేల ఫోన్ నంబర్లకి గుడ్ మార్నింగ్‌లు పంపితే బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ చేస్తారు, నంబరే నిషేధానికి గురవుతుంది. ఇష్టపడి ఇచ్చిన నంబరునే వాడాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది.

అడుగు 5: వెబ్‌సైట్, కాగితాలు

మొదట్లో ఒక్క పేజీ వెబ్‌సైట్ చాలు: ఏం అమ్ముతారు, ధరలు, ఎక్కడ ఉన్నారు, వాట్సాప్ బటన్, వాపసు పద్ధతి. ఫోన్‌లో రెండు మూడు సెకన్లలో తెరుచుకోవాలి. నెలకి వందల్లో ఆర్డర్లు వచ్చాక పూర్తి స్టోర్ కట్టించుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే తలుపు దగ్గర వద్దన్న ప్రతి పార్సిల్‌కీ రానూ పోనూ కొరియర్ మీ మీదే పడుతుంది. కొత్తలో యూపీఐ చెల్లింపు చాలు.

కాగితాలు సరిగా లేకుండా ఆన్‌లైన్‌లోకి వెళ్ళొద్దు. ఆహారం అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. ప్యాకెట్ మీద బరువు, గరిష్ఠ ధర, తయారీ తేదీ, తయారుచేసినవారి అడ్రసు తప్పనిసరి. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడుతుంది, హస్తకళల్లాంటి కొన్నిటికే మినహాయింపు. గుంటూరు నుంచి హైదరాబాద్ పంపినా అది పక్క రాష్ట్రమే. మీ ఆడిటర్‌ని ముందే కలవండి. "మా కాకరకాయ కారంతో షుగర్ తగ్గుతుంది" లాంటి మాటలు ఎక్కడా రాయకండి. ఆహారం ఫలానా జబ్బు తగ్గిస్తుందని ప్రకటించడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు. డాక్టర్లకైతే ప్రకటనల మీద వాళ్ళ వృత్తి నియమావళి ఆంక్షలు ఇంకా గట్టిగా ఉంటాయి.

అడుగు 6: ఏం పోస్ట్ చేయాలి, ఎప్పుడు?

రోజుకో పండగ శుభాకాంక్షల పోస్టర్ వేయడం మార్కెటింగ్ అనిపించుకోదు. ఆ పోస్టర్ కింద మీ పేరు తీసి పక్క షాపు పేరు పెట్టినా తేడా తెలియదు. మీరు మాత్రమే చూపించగలిగేది చూపించండి.

గుంటూరులో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో ఉన్న అవకాశం ఇంకెవరికీ లేదు. జనవరి చివర్నుంచి కొత్త మిర్చి యార్డుకి రావడం మొదలవుతుంది, వేసవి దాకా ఎర్రటి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి. తేజ రకం ఘాటు ఎక్కువ, బాడిగలో రంగు ఎక్కువ. మన ఊళ్ళో అందరికీ తెలిసిన ఈ సంగతి బెంగళూరులో కారం కొనే అమ్మాయికి తెలియదు. రెండు గుప్పిళ్ళ మిరపకాయలు పక్కపక్కన పోసి, ఏ కూరకి ఏది వాడాలో మీ అమ్మగారి చేతో, షాపులో పనిచేసే పెద్దావిడ చేతో చెప్పించండి. తొడిమలు తీయడం, ఎండబెట్టడం, మరపట్టించడం, ఒక్కోటి ఒక్కో వీడియో. నిలువు వీడియో, నిమిషం లోపు, మొదటి రెండు మూడు సెకన్లలోనే సరుకు కనబడాలి. చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి తెలుగులో అక్షరాలు వేయండి. మనిషి మాట మన యాసలోనే ఉండనివ్వండి.

క్యాలెండర్ పండగల ప్రకారం కాకుండా సరుకు ప్రకారం రాసుకోండి. సంక్రాంతి ముందూ వెనకా చింతకాయ, ఆ వెంటే పండుమిరప. ఫిబ్రవరి, మార్చిలో కొత్త కారం. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆవకాయ, దానికి ఆర్డర్లు రెండు మూడు వారాలు ముందే తీసుకోవాలి. జూన్‌లో హాస్టళ్ళకి వెళ్ళే పిల్లలు, జులైలో అమెరికా సూట్‌కేసులు, కార్తీకంలో ఉసిరి. మంగళగిరి చీరలు అమ్మేవాళ్ళైతే ఆషాఢం తగ్గింపులు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్ళి ముహూర్తాలు చూసి ఇలాగే రాసుకోవచ్చు. జనం కొనే రోజుకి మూడు వారాల ముందు మాట్లాడటం మొదలుపెట్టాలి, ఆ రోజున కాదు.

వారానికి రెండు వీడియోలు ఏడాది పొడుగునా పెట్టగలిగితే చాలు. రోజుకి మూడు పెట్టి ఇరవై రోజులకి ఆపేసే ఆరంభ శూరత్వం కంటే అది చాలా మేలు. ఫుడ్ వ్లాగర్లకి డబ్బిచ్చి చేయించుకుంటే అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చెప్పించండి. ప్రకటనల రంగం తనకి తానే పెట్టుకున్న నియంత్రణ మండలి ఆస్కీ మార్గదర్శకాలు 2021 నుంచీ అదే అడుగుతున్నాయి. ఫాలోయర్ల సంఖ్య కన్నా, వాళ్ళ కామెంట్లలో "షాపు ఎక్కడ?" అని అడిగేవాళ్ళు ఉన్నారా లేదా చూడండి.

అడుగు 7: ఇప్పుడు యాడ్స్

ముందు నాలుగైదు వారాలు పైవన్నీ నడిచాక, ఖర్చు లేకుండా ఎక్కువమంది చూసి, మెసేజ్‌లు తెచ్చిన వీడియో ఒకటి తేలుతుంది. యాడ్‌గా దాన్నే వేయండి. బూస్ట్ బటన్ వదిలేసి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ మెటా ఇచ్చే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్ళండి. అక్కడ లక్ష్యం లైకులు కాకుండా వాట్సాప్ సంభాషణలు అని ఎంచుకోవచ్చు.

ఏరియా జాగ్రత్త. విజయవాడ చుట్టూ 40 కిలోమీటర్లు అని పెడితే మంగళగిరి, గుంటూరు, తెనాలి అన్నీ అందులోకి వస్తాయి. కొరియర్‌లో పంపే సరుక్కి అది సరే. బెంజ్ సర్కిల్ దగ్గర బ్యూటీ పార్లర్‌కి తెనాలి నుంచి ఎవరూ రారు, పిన్ వేసి నాలుగైదు కిలోమీటర్లకే కట్టేయండి.

చిన్న బడ్జెట్‌ని ముక్కలు చేయొద్దు. మెటా యాడ్ వ్యవస్థ కుదురుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కి (ఒకే బడ్జెట్, ఒకే ఏరియా పెట్టిన యాడ్ల గుంపుకి) వారంలో 50 దాకా ఫలితాలు కావాలంటుంది. రోజుకి 200 రూపాయల్ని నాలుగు యాడ్ సెట్లకి పంచితే ఏదీ కుదురుకోదు. ఒకటే పెట్టి, కనీసం వారం రోజులు చెయ్యి పెట్టకుండా వదిలేయండి. రోజూ మార్చిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటికి వస్తుంది.

గూగుల్ యాడ్స్ అప్పటికే వెతుకుతున్నవాళ్ళకి కనబడతాయి. ఏసీ రిపేరు, డయాగ్నస్టిక్ ల్యాబ్, కోచింగ్ లాంటి వాటికి ఇవే మొదట ప్రయత్నించాలి. మూడు సెట్టింగులు సరిచూసుకోండి. లొకేషన్ దగ్గర గూగుల్ మామూలుగా "ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్ళు" ఇద్దరికీ చూపిస్తుంది. ఊళ్ళో సర్వీసు అయితే "ఉన్నవాళ్ళు" మాత్రమే ఎంచుకోండి. ఏ మాటలు వెతికితే మీ యాడ్ రావాలో ఆ కీవర్డ్‌లని, దూరపు సంబంధం ఉన్న వెతుకులాటలకీ చూపించే బ్రాడ్ మ్యాచ్‌లో వదిలేయకుండా, దగ్గరి అర్థానికే కట్టేసే ఫ్రేజ్, ఎగ్జాక్ట్ మ్యాచ్‌లలో పెట్టండి. యాడ్ రాకూడని మాటలు, అంటే నెగటివ్ కీవర్డ్‌ల లిస్టు రాసుకోండి: "తయారీ విధానం", "ఎలా చేయాలి", "జాబ్స్", "ఫ్రీ". ఆవకాయ ఎలా పెట్టాలో వెతికేవాళ్ళు ఇంట్లో పెట్టుకోబోతున్నారు, వాళ్ళ క్లిక్‌కి మీరెందుకు డబ్బు కట్టాలి? మనవాళ్ళు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కువగా టైప్ చేస్తారు కాబట్టి రెండు లిపుల్లోనూ, రకరకాల స్పెల్లింగుల్లోనూ కీవర్డ్‌లు వేయండి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే యాడ్ ఖాతాలో మీ నంబరు ఇవ్వండి. యాడ్స్ మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలుంటుంది, టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీమ్‌లో ఉంటే మాత్రం రాదు.

అడుగు 8: ఒక పేజీ పట్టిక

వెబ్‌సైట్ ఉంటే, దానికి ఎవరు వచ్చారో చూపించే గూగుల్ అనలిటిక్స్, ఏం వెతికి వచ్చారో చూపించే సెర్చ్ కన్సోల్ పెట్టుకోండి, రెండూ ఉచితం. కానీ రోజూ చూడాల్సింది అవి కాదు. కౌంటరు దగ్గర ఒక నోటుబుక్కో, ఫోన్‌లో గూగుల్ షీటో పెట్టి ఐదు గడులు గీయండి: తేదీ, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏం అడిగారు, కొన్నారా, కొనకపోతే ఎందుకు. "గూగుల్‌లో చూశారా, ఇన్‌స్టాలోనా, ఎవరైనా చెప్పారా అండీ?" అని ఆర్డరు తీసుకునేటప్పుడే అడిగి రాసేయాలి. తర్వాత రాద్దామంటే ఎవరూ రాయరు.

నెలకోసారి కూర్చుని ఒక్కో దారికి ఆర్డరు ఖర్చు ఎంత, దాంట్లో ఎంతమంది మళ్ళీ కొన్నారు అని తీయండి. ఆర్డరు ఖర్చు మీ మిగులు కన్నా తక్కువగా రెండు నెలలు వరసగా ఉంటే బడ్జెట్ కొద్దికొద్దిగా, ఐదో వంతు చొప్పున పెంచండి. ఎక్కువగా ఉంటే యాడ్ మార్చే ముందు "కొనకపోతే ఎందుకు" గడి చదవండి. కొరియర్ ధర ఎక్కువని పదిమంది అని ఉంటే యాడ్ మార్చి ఏం లాభం? రెండు కిలోల పైన కొరియర్ మీరే భరించి చూడండి.

అడుగు 9: ఏజెన్సీకి ఇచ్చేటప్పుడు

టైమ్ లేనప్పుడు బయటవాళ్ళకి ఇవ్వడం తప్పు కాదు. మొఘల్రాజపురంలోనూ లక్ష్మీపురంలోనూ పనితెలిసిన కుర్రాళ్ళు ఉన్నారు. గంపగుత్తగా అప్పగించి మరిచిపోవడం మాత్రం పనికిరాదు. "నెలకి పన్నెండు పోస్టులు, నాలుగు రీల్స్" అని రాసుకున్న ఒప్పందం మీ అమ్మకాల గురించి ఏమీ చెప్పదు. ఎన్ని ఎంక్వైరీలు, ఒక్కోటి ఎంత ఖర్చుతో అని నెలనెలా రిపోర్టు అడగండి. యాడ్ డబ్బుని వాళ్ళ చేతికి ఇవ్వకుండా మీ కార్డు మీద నేరుగా కట్టండి, వాళ్ళ ఫీజు విడిగా ఇవ్వండి. అప్పుడు ఎంత ఖర్చయిందో మీకే బిల్లు వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయన్నది. డొమైన్ (వెబ్‌సైట్ పేరు), గూగుల్ ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ, యాడ్ ఖాతా, అనలిటిక్స్ అన్నీ మీ ఈమెయిల్ మీద, మీ ఫోన్ నంబరు మీద తెరవాలి. ఏజెన్సీకి మేనేజర్‌గానో, పార్ట్‌నర్‌గానో యాక్సెస్ ఇస్తే వాళ్ళ పని ఆగదు. పాస్‌వర్డ్ చెప్పాల్సిన అవసరమే లేదు. వాళ్ళే తెరిచి ఇస్తామంటే వద్దనండి. నాలుగేళ్ళు పోగేసుకున్న రివ్యూలు, ఫాలోయర్లు, యాడ్ చరిత్ర వాళ్ళ ఈమెయిల్‌లో ఉండిపోతే విడిపోయిన రోజున మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఇప్పటికే అలా ఉంటే, సంబంధాలు బాగున్న ఈ రోజుల్లోనే అడిగి ఓనర్‌షిప్ మీ పేరుకి మార్పించుకోండి. గూగుల్ ప్రొఫైల్‌లో కొత్తగా చేరిన ఓనర్ ఏడు రోజులు గడిచేదాకా పాత ఓనర్‌ని తీసేయలేరు, అందుకని ఒప్పందం ముగిసే తేదీకి కనీసం రెండు వారాల ముందే ఈ పని మొదలుపెట్టండి.